నూటొక్క మంది రక్తదాతలు

"వచ్చే నెల పన్నెండో తారీఖు, పొద్దుగాల పది గంటల నలభై నిమిషాలకు, మన డివిజన్‌ల రక్తహీనత ఖతం!"

సరూర్‌నగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో మహిపాలన్న ఈ మాట ప్రకటించగానే చప్పట్లు మార్మోగిపోయాయి. రోగాన్ని తారీఖుతో, టైముతో సహా సాగనంపే నాయకులు దేశం మొత్తమ్మీద ఎందరున్నారో తెలియదు గానీ, ఎల్బీనగర్ పక్కన మాత్రం ఒకరున్నారు. మహిపాలన్న మాజీ కార్పొరేటర్. ఆయన ఫ్లెక్సీల మీద మాత్రం "కాబోయే" అనే ఉంటుంది. పన్నెండో తారీఖే ఎందుకంటే ఆ రోజు అన్న పుట్టినరోజు. పది నలభైయే ఎందుకంటే సిద్ధాంతిగారు అంతకుముందు దుర్ముహూర్తం ఉందన్నారు.

అసలు అన్న దృష్టి రక్తహీనత మీద పడటానికి కారణం ఒక డాక్టరమ్మ. ఏదో మీటింగులో ఆవిడ, మన ఆడవాళ్ళలో పదిమందికి ఆరుగురికి రక్తం తక్కువనీ, చిన్నపిల్లల్లో ఇంకా అధ్వానమనీ చెప్పింది. పదిమందికి ఆరుగురంటే మెజారిటీ. మెజారిటీ ఉన్న సమస్యను అన్న వదులుకునే రకం కాదు.

మొదటి విడతగా ఇంటింటికీ ఒక ఇనుప మూకుడు పంచాడు. ఇనుప మూకుట్లో వండుకుంటే ఒంటికి ఇనుము పడుతుందని ఆ డాక్టరమ్మే చెప్పింది. మూకుడు లోపల, నట్టనడుమ, అన్న నవ్వుతున్న ఫోటో వేయించారు. పొయ్యి మీద పెడితే అన్న ముఖం మాడిపోతుంది కదా అని ఎవరికో అనుమానం వచ్చింది. వెంటనే ఫోటో మీద, మూకుడంతా, కూర అంటుకోని పూత పూయించారు. దాంతో అన్నకు కూర అంటదు, కూరకు ఇనుము అంటదు. ఇద్దరూ క్షేమం.

"ఖతమైందని ఎట్ల తెలుస్తదన్నా?" అని ఆ హాల్లోనే ఒక విలేకరి అడిగాడు.

అన్న జాలిగా నవ్వాడు. "రక్తం లేనోళ్ళు రక్తం ఇస్తరా తమ్మీ? ఇయ్యలేరు. నా పుట్టినరోజు నాడు మా డివిజన్ ఆడబిడ్డలు నూటొక్క మంది రక్తదానం చేస్తరు. ఇచ్చిండ్రంటే ఉన్నట్టే గదా?"

ఈ తర్కానికి ఎదురు చెప్పగలిగినవాళ్ళు ఆ హాల్లో ఒకరిద్దరు లేకపోలేదు. కానీ బిర్యానీ పొట్లాలు ఇంకా వెనక వరుసల దాకా రాలేదు. కాబట్టి వాళ్ళు కూడా చప్పట్లే కొట్టారు.

"గీ మహిళా రక్తదానానికి కన్వీనర్... మన సైదులు!" అన్నాడు అన్న, వేలు చూపించి.

సైదులుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు. నల్లగొండ పక్క పల్లె నుంచి కర్మన్‌ఘాట్‌కు వచ్చి పదిహేడేళ్ళయింది, అన్న వెనక తిరగబట్టీ పదిహేడేళ్ళే. ఇన్నేళ్ళలో అన్న జెండాలు మోశాడు, కుర్చీలు మోశాడు, ఒక వానాకాలం చెరువు నీళ్ళు కాలనీలోకి వచ్చినప్పుడు సాక్షాత్తూ అన్ననే మోశాడు. పదవి రావడం మాత్రం ఇదే మొదలు.

ఆ సంతోషంతో ఇంటికి వచ్చేసరికి పెళ్ళాం శివమ్మ మొదటి అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళ కిరాయి ఇల్లు రెండో అంతస్తులో. శివమ్మ బాటసింగారం పండ్ల మార్కెట్లో పనికి పోతుంది. రోజంతా బత్తాయిలు ఏరి, మంచివి ఒక దిక్కు, మచ్చవి ఒక దిక్కు వేసి, గంపలు ఎత్తి వస్తుంది. ఈ మధ్య సగం మెట్లెక్కి అక్కడే ఆగిపోతోంది. కొంగులో గుప్పెడు బియ్యం మూటగట్టుకుని, గింజ గింజ నములుతూ కూర్చుంటుంది. అన్నం సయించదు గానీ పచ్చి బియ్యం కనిపిస్తే చెయ్యి ఆగదు.

"అన్న నన్ను కన్వీనర్ను చేసిండే!" అన్నాడు సైదులు.

"అంటే ఏంది?"

"మన డివిజన్ ఆడోళ్ళ రక్తానికి ఇన్‌చార్జి."

శివమ్మ ఊపిరి కూడదీసుకుంది. "అట్లయితే నా సంగతి గూడ జర చూడు. వారం సంది కండ్లకు చీకట్లు ఒస్తున్నయి. నిన్న గంప ఎత్తబోయి కూలబడ్డ. దవాఖానకు తోల్కపోరాదు?"

"పన్నెండో తారీఖు కానీయ్. తెల్లారే పోదాం. ఆ రోజు పది నలభైకి ఎట్లాగు ఖతమైతది గదా," అన్నాడు సైదులు.

అతను హాస్యానికి అనలేదు. పెళ్ళామంటే ప్రేమ లేకా కాదు. ఆమె అట్లా మెట్ల మీద కూలబడ్డప్పుడల్లా చెయ్యి పట్టి పైకి తీసుకుపోతాడు. కానీ అన్న మాట మీద నమ్మకం ఒకటి ఉందే, అది దవాఖాన కంటే దగ్గర.

మర్నాడు పొద్దున్నే అంగన్‌వాడీకి పోయాడు. టీచరు అండాలమ్మ పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతోంది.

"టీచరమ్మా, నూటొక్క మంది ఆడోళ్ళు కావాలె. రక్తం ఇయ్యడానికి."

అండాలమ్మ పక్కనున్న మూడేళ్ళ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కంటి కింది రెప్ప మెల్లగా కిందికి లాగి చూపించింది. "చూడు సైదులన్నా. ఎర్రగ ఉండాల్సింది సున్నమేసిన గోడ లెక్క ఉన్నది. దీని తల్లిది ఇంకా తెలుపు. ఎక్కియ్యాల్సినోళ్ళ దగ్గర గుంజుతా అంటవేందన్నా?"

"అన్న చెప్పిండు టీచరమ్మా."

అండాలమ్మ గుడ్డు పెంకులు ఏరసాగింది. అంతలో ఏదో తట్టినట్టు తలెత్తి అడిగింది. "రక్తం తీసేటోళ్ళు ముందుగాల పరీక్ష చేస్తరా?"

"చేస్తరట. వేలికి సూది పొడిచి."

"అందరికా? నంబరేసి చీటీ గూడ ఇస్తరా?"

"ఇస్తరు."

అండాలమ్మ ముఖం వెలిగిపోయింది. బస్తీలో పరీక్ష కిట్లు అయిపోయి ఆరు నెలలు దాటింది. అప్పటి నుంచి ఎవరికి ఎంత రక్తం ఉందో రెప్పలు లాగి అంచనా వేయడమే తప్ప కాగితం మీద నంబరన్నది లేదు. నంబరు లేకుంటే పెద్ద దవాఖానలో ఎవరూ పట్టించుకోరు. "అట్లయితే నూరు మందిని నేను తోల్కొస్త. కడుపుతోటి ఉన్నోళ్ళను, పాలిచ్చేటోళ్ళను పిలువ. ఇంకొక్కరిని నువ్వు చూస్కో," అంది.

కార్యకర్తలంటే ఇట్లా ఉండాలి, అడగ్గానే ఒప్పుకోవాలి అనుకున్నాడు సైదులు. అంగన్‌వాడీ టీచర్లను కూడా పార్టీలోకి తీసుకోవాలని అన్నకు చెప్పాలనుకున్నాడు.

పన్నెండో తారీఖు వచ్చింది. కర్మన్‌ఘాట్ ఖాళీ జాగాలో షామియానా, ఇరవై మంచాలు, ఇరవై ఫ్యాన్లు, అన్న ఎత్తుకు రెండింతల ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో అన్న గుండెలోంచి ఒక రక్తపు చుక్క జారి డివిజన్ మ్యాపు మీద పడుతోంది. అండాలమ్మ మాట నిలబెట్టుకుంది, ఎనిమిదింటికల్లా నూరు మంది ఆడవాళ్ళు వరుసలో నిలబడ్డారు. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన టెక్నీషియన్ హరీష్ బెజవాడ అబ్బాయి, మర్యాదస్తుడు. మొదటామె వేలు పొడిచాడు.

"హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ రెండు. మీరు ఇవ్వకూడదండీ."

రెండో ఆమెకు ఎనిమిదిన్నర. మూడో ఆమెకు పది. అండాలమ్మ పక్కనే నిలబడి ఒక్కొక్కరి చీటీ తీసుకుని భద్రంగా సంచీలో పెట్టుకుంటోంది. నలభయ్యో ఆమె దగ్గరికి వచ్చేసరికి మహిపాలన్న మెడ నిండా దండలతో వచ్చాడు.

"ఎంతమంది పాసైన్రు తమ్మీ?"

"ఇంకా ఎవరూ కాలేదండీ. పన్నెండున్నర ఉండాలి."

"పన్నెండున్నరనా? గంత స్ట్రిక్ట్ ఏంది? పదో తరగతిల నూటికి ముప్పై ఐదుకు పాస్ చేస్తలేరా? నువ్వు తొమ్మిదికి పెట్టు."

"ఇది ఆ పరీక్ష కాదండీ."

"గా మిషన్ ఎవలిది? వేరే పార్టీ వాళ్ళు ఇచ్చిందా?"

హరీష్ వినయంగా తల అడ్డంగా ఊపి, తర్వాతి ఆమె వేలు పొడిచాడు. నూరు మందీ అయిపోయారు. తొమ్మిది మంది పన్నెండున్నర దాటారు గానీ, త్రాసు ఎక్కితే ఒక్కరూ నలభై ఐదు కిలోలు తూగలేదు. వాళ్ళనూ వద్దన్నాడు.

అన్న ధైర్యం కోల్పోలేదు. "యువసేనా!" అని కేకేశాడు. నలభై మంది కుర్రాళ్ళు చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చారు. నలభై ముంజేతుల మీదా గుండె బొమ్మ, గుండెలో "మహిపాలన్న" అని పచ్చబొట్టు. పుట్టినరోజు కానుకగా పోయిన వారమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కొట్టులో వేయించుకున్నారు.

"పచ్చబొట్టు కొత్తదైతే ఏడాది దాకా రక్తం తీసుకోకూడదండీ," అన్నాడు హరీష్.

అభిమానం ముదిరితే ఇట్లాంటి ఇబ్బందులుంటాయి. ఇక మిగిలింది పార్టీ పెద్దలు. వాళ్ళలో సగం మందికి బీపీ, మిగతా సగానికి షుగర్, కొందరికి రాత్రి అన్న ఆయురారోగ్యాల కోసం తాగింది ఇంకా దిగలేదు. అన్నకూ షుగరే. అందరి చూపులూ తిరిగి తిరిగి సైదులు మీద ఆగాయి. అతనికి సూదంటే చచ్చేంత భయం. పచ్చబొట్టు వేయించుకోనిది కూడా అందుకే. కానీ కన్వీనర్ కదా. కళ్ళు గట్టిగా మూసుకుని మంచం మీద పడుకున్నాడు. హరీష్ పరీక్షించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఒక ప్యాకెట్ తీసుకున్నాడు. ఓ పాజిటివ్. నూటొక్క ప్యాకెట్ల శిబిరంలో మొదటిదీ, చివరిదీ అదే.

"ఈ కార్డు దాచుకోండి. మీ ఇంట్లో ఎవరికైనా అవసరం పడితే, ఇది చూపిస్తే ఒక ప్యాకెట్ ఇస్తాం," అన్నాడు హరీష్.

పక్క మంచం మీద అన్న చేతికి దూది అంటించుకుని ఫోటోకు సిద్ధంగా పడుకుని ఉన్నాడు. "కార్డు జర ఇటియ్యి తమ్మీ, ఫోటోకు," అన్నాడు. ఫోటో అయ్యాక కార్డు అన్న జేబులోకి పోయింది. సైదులు అడగలేదు. నాయకుడి జేబులోకి పోయినదాన్ని తిరిగి అడిగేంత చనువు పదిహేడేళ్ళలో రాలేదు.

సరిగ్గా పది నలభైకి అన్న కేకు కోసి, రక్తహీనత ఖతమైనట్టు మైకులో ప్రకటించాడు. ముందే అచ్చువేయించిన "రక్తదాత" సర్టిఫికెట్లు నూటొక్కటి ఉన్నాయి. అచ్చయినవి పారేయలేరు కదా, వరుసలో ఉన్న ఆడవాళ్ళందరికీ పంచేశారు. ఒకటి మిగిలింది.

అప్పుడే బాటసింగారం నుంచి పని బట్టలతోనే శివమ్మ దిగింది. నూటొక్కటో మనిషివి నువ్వేనని పొద్దున సైదులు చెప్పి పంపాడు. ఆమె వచ్చి వేలు చాపింది. హరీష్ ఒకసారి చూశాడు. ఇంకో వేలు పొడిచి మళ్ళీ చూశాడు.

"ఈవిడ ఎవరి తాలూకండీ?"

"నా భార్య," అన్నాడు సైదులు.

"ఆరు పాయింట్ ఒకటి. ఈవిడ ఇవ్వడం కాదండీ, ఈవిడకే ఎక్కించాలి. ఇంత తక్కువతో బరువులు ఎత్తుతున్నారా? గుండెకే ప్రమాదం. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

సైదులుకు మైకులో వస్తున్న పాట వినబడటం ఆగిపోయింది. శివమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది. పోయిన నెల నుంచి అడుగుతోంది, పన్నెండో తారీఖు కానీయ్ అన్నాడు. ఆ మాట అన్నది తన నోరేనా అని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరో వచ్చి మిగిలిన సర్టిఫికెట్ శివమ్మ ఒళ్ళో పెట్టి, ఫోటో తీసుకుని పోయారు.

దవాఖానలో డ్యూటీ డాక్టరమ్మ వెంటనే చేర్చుకుంది. ముందు ఒక ప్యాకెట్ ఎక్కిస్తే గండం గడుస్తుందనీ, తర్వాత ఐరన్ సూదులు, తిండి అనీ చెప్పింది. గ్రూపు ఓ పాజిటివ్. మర్నాడు పొద్దున సైదులు బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల హరీషే ఉన్నాడు.

"ఓ పాజిటివ్ ఒక్కటే ఉందండీ. నిన్న మీరిచ్చిందే, పరీక్షలన్నీ అయిపోయాయి. కానీ బదులుగా ఒకరు రక్తం ఇవ్వాలి, లేదా కార్డు చూపాలి. అది మా పెద్దవాళ్ళ రూలు."

"నేనే ఇస్త."

"మీరు మూడు నెలల దాకా ఇవ్వకూడదండీ. కార్డు ఇచ్చాను కదా?"

రక్తం ఇచ్చేవాళ్ళు ఒకరు కావాలని సైదులు యువసేన వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు. పది నిమిషాల్లో రెండు వందల దండాలు, ఎనభై దీపాలు, "వదిన తొందరగా కోలుకోవాలి" అని అన్న ఫోటోతో ఒక పోస్టరు వచ్చాయి. మనుషులు మాత్రం రాలేదు. అదే గ్రూపులో ఆ పొద్దుటి పేపరు కూడా తిరుగుతోంది. "నూటొక్క మంది మహిళల రక్తదానం, రక్తహీనతకు చరమగీతం" అని పెద్ద హెడ్డింగు.

ఆటో ఎల్బీనగర్ ఆఫీసుకు తిప్పాడు. కార్డు అప్పటికే అద్దం కట్టించి గోడకు తగిలించారు.

"నా రక్తం నీ ఇంటిదానికా!" అన్నాడు అన్న, ఆనందం పట్టలేక. నిన్నటి నుంచి పదిమందికి చెప్పీ చెప్పీ ఆయనకు అది తన రక్తమే అని నమ్మకం కుదిరిపోయింది. "తప్పకుండ ఇద్దాం తమ్మీ. రేపు పొద్దుగాల పదిన్నరకు ప్రెస్సును పిలుస్త."

"రేపు గాదు, ఇయ్యాల్నే ఇయ్యాలె!" సైదులు గొంతు విని సైదులే ఉలిక్కిపడ్డాడు. "ఆమె పెదవులు తెల్లగైనయన్నా. కాళ్ళు మొక్కుత."

అన్న పెద్ద మనసు చేసుకుని సాయంత్రం నాలుగింటికి దిగాడు.

ఆ సాయంత్రం వార్డులో శివమ్మ మంచం చుట్టూ ముగ్గురు విలేకరులు, రెండు కెమెరాలు, ఒక శాలువా. అన్న అద్దం ఫ్రేములోంచి తీయించిన కార్డును రెండు చేతులతో నర్సుకు అందించాడు. ప్యాకెట్ వచ్చింది. నర్సు దాన్ని స్టాండుకు తగిలించి కాగితం తీసింది.

"ఎక్కిచ్చే ముందు చదవాలె, రూలు," అంది. "పేషెంటు శివమ్మ, ఓ పాజిటివ్. ఇచ్చినాయన సైదులు, ఓ పాజిటివ్."

విలేకరుల పెన్నులు ఆగాయి. అన్న తడబడలేదు. "సైదులు ఒంట్ల పారేది ఎవల రక్తం? పదిహేడేండ్లు నా బిర్యానీ తిన్న ఒళ్ళు! గా పేరు కొట్టేసి నా పేరు రాయమ్మా." ఆ మాటకు వెనకున్న కార్యకర్తలు చప్పట్లు కొట్టారు.

"రాస్త సార్," అంది నర్సు. "జర ఇక్కడ సంతకం పెట్టుండ్రి. 'ఈ రక్తం నాదే, ఏమన్న తేడా వస్తే జిమ్మేదారి గూడ నాదే' అని."

అన్న పెన్ను తీశాడు. ఆయన సంతకం పెట్టే ముందు కాగితం చదవడం ఆ డివిజన్ చరిత్రలో అదే మొదటిసారి. చదివి, పెన్నుకు మూత పెట్టాడు. "రూల్ అంటే రూలేనమ్మా. సైదులు పేరే ఉండనీయ్. నాకు షుగర్."

సైదులు అన్న ముఖం చూడలేదు. చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. "రక్తం నాదే సిస్టర్. జిమ్మేదారి నాదే. జల్దీ ఎక్కియ్యుండ్రి," అని గబగబా సంతకం గీకాడు. గొట్టంలో మొదటి చుక్క దిగగానే ఆపుకోలేక చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాయకుడి మీద అభిమానంతో ఏడుస్తున్నాడనుకుని కెమెరా వాళ్ళు దగ్గరగా వచ్చి తీసుకున్నారు.

కొంతసేపటికి శివమ్మ కళ్ళు తెరిచింది. శాలువా కప్పడానికి వంగిన మహిపాలన్నను చూసి, మెల్లగా అడిగింది.

"అన్నా, నాకైతే దొరికింది. కింద గేటు కాడ అండాలమ్మ నూరు మంది చీటీలు పట్టుకొని పొద్దటి సంది నిలబడ్డదంట, సిస్టర్ చెప్పింది. వాళ్ళకు గోలీలు, సూదులు ఎప్పుడిప్పిస్తవ్?"

మహిపాలన్న నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"వాళ్ళకెందుకమ్మా? వాళ్ళు నిన్న రక్తం ఇచ్చినోళ్ళు. పేపర్ల రాలే?"